సత్తు హోమ్‌రన్లు

పాల్మా సోలా ఊరి పార్కులో ఫార్మసీకి ఎదురుగా ఉన్న మూలను మంటమూల అంటారు. అక్కడున్నవి రెండు సిమెంటు బెంచీలు, ఒక బాదం చెట్టు, ఆ చెట్టు నీడన పొద్దుటి కాఫీ నుంచి మధ్యాహ్నం అన్నాల వేళ దాకా గొంతు చించుకునే మగవాళ్ళు. మాట్లాడేది బేస్‌బాల్ ఒక్కటే. ఇంకో సంగతి ఎత్తినవాణ్ణి పురుగును చూసినట్టు చూస్తారు. ఆ బేస్‌బాల్‌లో కూడా వాళ్ళ అసలు పేచీ ఒకటే: బంతిని కంచె దాటించడంలో, అంటే హోమ్‌రన్ కొట్టడంలో, కర్ర బ్యాటు కాలపు దామసో ఫ్లెయితెస్ గొప్పవాడా, సత్తు బ్యాటు కాలపు వెనాన్సియో గొప్పవాడా? ఊళ్ళో చక్కెర మిల్లు మూతపడింది. సినిమా హాలు కప్పు కూలింది. రైలు రావడం మానేసింది. ఈ పేచీ మాత్రం ఆగలేదు. ఊరికి కొత్తల్లుడు వస్తే కులాసా అయినా అడక్కుండా, "ఇంతకీ నువ్వు కర్రా, సత్తా?" అంటారు. పాపం అతను ఏదో ఒకటి చెప్పి తీరాలి.

ఆ వెనాన్సియో భార్య మిగ్దాలియా. ఈ కథ ఆవిడది.

డెబ్బై ఏడులో దేశమంతటా ఆటగాళ్ళ చేతుల్లోంచి కర్ర బ్యాట్లు తీసేసి అల్యూమినియం బ్యాట్లు పెట్టారు. కర్ర విరుగుతుంది, సత్తు విరగదు, ఖర్చు కలిసొస్తుందని. ఆ ఏడాదే దామసో ఆటకు దణ్ణం పెట్టి ఇంటికి పోయాడు. ఆ ఏడాదే వెనాన్సియో జిల్లా జట్టులోకి వచ్చాడు. ఒకరు వెళ్ళిన తలుపులోంచే ఇంకొకరు లోపలికి వచ్చారు గానీ ఇద్దరూ ఎదురెదురుగా ఒక్క ఆట కూడా ఆడలేదు. దామసో బంతిని కొడితే గొడ్డలి దెబ్బలా చప్పుడయ్యేదట. వెనాన్సియో కొడితే టంగుమని గిన్నె మోగినట్టు మోగేది. బంతి ఇంకాస్త దూరం పోయేది, ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. ఆ ఇంకాస్త దూరంలో సత్తు వాటా ఎంత, వెనాన్సియో సత్తువ వాటా ఎంత? దేవుడికి తెలియాలి. దేవుడికీ తెలియదని నా అనుమానం.

మిగ్దాలియా అప్పటికి బేస్‌బాల్ బంతులు కుట్టే కార్ఖానాలో పనిచేసేది. బంతిని మోకాళ్ళ మధ్య చెక్క బిగింపులో పెట్టి, రెండు సూదులతో మైనం పట్టించిన ఎర్రదారం లాగుతూ తోలు రెండు ముక్కల్నీ కలపాలి. చేతులు బొబ్బలెక్కుతాయి, మెడ పట్టేస్తుంది. ఆవిడ మొండితనం గురించి అక్కడే మొదట కథలు పుట్టాయి. ఒకసారి తనిఖీ అతను బంతి చూసి బాగానే ఉంది, పెట్టెలో వెయ్యమన్నాడట. "బాగాలేదు, ఇక్కడ కుట్టు వెంట్రుకవాసి లేచింది" అని ఆవిడే లాక్కుని మొత్తం విప్పి మళ్ళీ కుట్టింది. "నేను సరే అన్నాక నీకేమమ్మా బాధ?" అని అతను విసుక్కుంటే, "కుట్టింది నేను, నువ్వు కాదు" అంది.

జిల్లా జట్టు ఒకరోజు కార్ఖానా చూడ్డానికి వచ్చింది. అందులో అందరికంటే భుజాలు వెడల్పయిన కుర్రాడు మిగ్దాలియా బల్ల దగ్గర ఆగి, "నువ్వు కుట్టిన బంతుల్ని నేను చీల్చి పారేస్తున్నాను తెలుసా?" అన్నాడు, గొప్పలు పోతూ. మిగ్దాలియా తల ఎత్తలేదు. "ఏదీ, ఒక్కటి చీలిన బంతి తెచ్చి చూపించు. నా కుట్టయితే విప్పలేవు." ఆ ఏడాదంతా వెనాన్సియో కంచె దాటించిన బంతుల్ని పిల్లల దగ్గర బతిమాలి తెచ్చుకుని కార్ఖానా గేటు దగ్గర నిలబడేవాడు. తోలు గీసుకుపోయేది, మట్టి పట్టేది, కుట్టు మాత్రం చెక్కు చెదిరేది కాదు. చివరికి ఒకరోజు బంతి ఆవిడ చేతిలో పెట్టి, "నా వల్ల కాలేదు. పెళ్ళి చేసుకుందామా?" అన్నాడు. "ఓడిపోయానని ఒప్పుకున్నావు కాబట్టి చేసుకుంటాను" అంది మిగ్దాలియా.

ఇక పెళ్ళయినప్పటి నుంచి మొదలు. ఊళ్ళో సగం మందికి వెనాన్సియో దేవుడు, మిగతా సగానికి "గిన్నె". అతను వీధిలో నడుస్తుంటే కర్ర పక్షం వాళ్ళు కిటికీల్లోంచి గరిటెతో మూకుడు మీద టంగుమని కొట్టేవాళ్ళు. బియ్యం క్యూలో నిలబడితే మిగ్దాలియాను వదిలేవాళ్ళా? "అమ్మాయ్, సంచీ ఎందుకు, మీ ఆయన బ్యాటు కరిగించి గిన్నె చేయించుకోరాదూ!" ఆవిడ ఒళ్ళు మండిపోయేది. ఒకనాడు ఇంట్లో సత్తు సామానంతా ఊడ్చి అత్తగారికి ఇచ్చేసి, ఇనప మూకుళ్ళూ మట్టి పాత్రలూ తెచ్చుకుంది. ప్రెషర్ కుక్కర్ ఒక్కటీ వదల్లేక, నల్లచిక్కుళ్ళు ఉడికినప్పుడల్లా దాని మీద గుడ్డ కప్పేది, కిటికీలోంచి ఎవరికీ కనబడకూడదని. ఆ మాట, "సత్తు" అనే మాట, ముప్ఫై ఏళ్ళకు పైగా ఆవిడ నోటి వెంట రాలేదు. ఎవరైనా అంటే లేచి వెళ్ళిపోయేది.

చిత్రం ఏమిటంటే, ఎవరిని అనేవారో అతనికి ఆ బాధ లేదు. ఆట మానేశాక వెనాన్సియో రోజూ పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మంటమూలకు పోయేవాడు, ఉద్యోగానికి పోయినట్టు. అక్కడ కర్ర పక్షానికి పెద్ద రుపెర్తో. మిల్లులో లేతు పని చేసి రిటైరయినవాడు, మిల్లు సైరను మూగబోయాక ఊరికి సైరను అతని గొంతే. వెనాన్సియో కూతురికి జ్ఞానస్నానం నాడు జ్ఞానతండ్రిగా చెయ్యి వేసిన మనిషి కూడా అతనే. చుట్టరికం చుట్టరికమే, పేచీ పేచీయే.

"ఆ గిన్నె బ్యాటు మా అవ్వకిచ్చినా కంచె దాటిస్తుంది బావా!" అనేవాడు రుపెర్తో.

"మీ అవ్వను పిలు, బ్యాటు నేనిస్తా! గాలిలో పోయే బంతికేం తెలుసురా తనని కొట్టింది కర్రో, సత్తో?"

"బంతికి తెలియదు, చెవులున్నవాడికి తెలుసు. టంగ్!"

అన్నం వేళకు వెనాన్సియో గొంతు బొంగురుపోయి ఇంటికొచ్చేవాడు. చెమటలు కక్కుతూ, కళ్ళు మెరుస్తూ. "ఇవాళ రుపెర్తో నోరు మూయించాను మిగ్దా" అని రెండు పళ్ళేల అన్నం తినేవాడు. "నిన్ను తిట్టేవాళ్ళ దగ్గరికి నువ్వే వెళ్తావేమయ్యా, సిగ్గులేదూ?" అని ఆవిడ కసిరేది. ఆయన నవ్వేవాడు. అదెలాంటి నవ్వో ఆవిడకు అప్పట్లో అర్థం కాలేదు.

ఒక పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దం ముందే పడిపోయాడు. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి, కుడికాలు, మాట పోయాయి. కూతురు సాంతా క్లారా పట్నం నుంచి వచ్చి కొన్నాళ్ళు ఉండి వెళ్ళింది. ఆసుపత్రి నుంచి వచ్చాక వెనాన్సియో కొన్ని నెలలు ఇల్లు దాటలేదు. ఆ తర్వాత మిగ్దాలియా ఎవరినో పట్టుకుని చక్రాల కుర్చీ సంపాదించి, ఇస్త్రీ చొక్కా తొడిగి, తనే గడ్డం గీసి, మంటమూలకు తోసుకుపోయింది. మనిషికి కాస్త గాలి తగులుతుందని.

ఫార్మసీ మలుపు దగ్గరికి వచ్చేసరికి దూరం నుంచే కేకలు వినబడుతున్నాయి. కుర్చీ మలుపు తిరిగింది. కేకలు ఆగిపోయాయి. బెంచీ మీద నిలబడి చేతులు ఊపుతున్నవాడు దిగిపోయాడు. అందరూ టోపీలు తీశారు. రుపెర్తో ముందుకొచ్చి కుర్చీ ముందు వంగి వెనాన్సియోను కావలించుకున్నాడు.

"బావా, ఇంక పేచీ లేదు. అందరిలోకీ నువ్వే గొప్పవాడివి. దామసో కూడా నీ తర్వాతే. ఏమంటార్రా?"

"అంతే, అంతే" అన్నారందరూ.

మిగ్దాలియా గుండె ఆనందంతో నిండిపోయింది. ఈ ఒక్క మాట వినడానికి ఎన్నేళ్ళు కాచుకుంది! ఎన్ని క్యూల్లో పళ్ళు బిగించింది! సెయింట్ లాజరస్ పటం ముందు ఆ సాయంత్రం కొవ్వొత్తి వెలిగించాలనుకుంది. అంతలో మొగుడి ముఖం వంక చూసింది. వెనాన్సియో ఒక్కొక్కరి ముఖమే చూస్తున్నాడు, ఎవరైనా నవ్వుతారేమో, ఎవరైనా టంగుమంటారేమో అని వెతుకుతున్నట్టు. ఎవరూ అనలేదు. అతను తల దించుకుని తన చచ్చుబడిన చేతిని చూసుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. కుర్చీ మలుపు తిరగ్గానే బేస్‌బాల్ ఆగిపోయేది. బీపీ మాత్రలూ, రేషన్‌లో రాని గుడ్లూ, ఎండలూ, ఇవే కబుర్లు. కుర్చీ వెనక్కి తిరిగి వీధి చివరికి చేరగానే వెనకాల మళ్ళీ కేకలు మొదలయ్యేవి. వాటిలో దామసో పేరు వినిపించేది, ఎవరెవరో కొత్త కుర్రాళ్ళ పేర్లు వినిపించేవి. వెనాన్సియో పేరు మాత్రం పోటీలోంచి తీసేశారు, గౌరవంగా. వాళ్ళ మనసు మంచిదే, కాదనను. చెడ్డ మనసుతో చేసి ఉంటే ఇంత హాని జరిగేది కాదు.

వెనాన్సియో తినడం తగ్గించాడు. చేమదుంప మెత్తగా మెదిపి చెంచాతో నోటి దగ్గర పెడితే పెదవులు బిగించేవాడు. మాట నేర్పడానికి పాలీక్లినిక్ నుంచి యుస్లెయిదీ అనే అమ్మాయి వచ్చేది. బొమ్మల అట్టలు పట్టుకుని, "ఇదేమిటి వెనాన్సియోగారూ? ఇల్లు. అనండి, ఇ..." అనేది. ఆయన గోడ వైపు తిరిగేవాడు.

ఒకరోజు ఆ అమ్మాయి అట్టలు సంచీలో పెట్టేసి వంటింట్లోకి వచ్చింది.

"పిన్నీ, మీకు దాచడమెందుకు. ఆయన గొంతులో మాట ఉంది. నాకు నమ్మకమే. కానీ ఆయనకు దాంతో పనిలేదు. ఇల్లూ కుక్కా అని చెప్పడానికి ఆ మనిషి ఇంత కష్టం ఎందుకు పడతాడు? ఇలాగే ఊరుకుంటే రోజులు గడిచేకొద్దీ మాట ఇంకా లోపలికి పోతుంది. తర్వాత కావాలన్నా రాదు."

"మరి ఏం చెయ్యమంటావు తల్లీ?"

"కొంతమందికి మొదట బూతులే వస్తాయి పిన్నీ. నవ్వకండి, నిజం. కోపంలో వచ్చే మాట ఇంకోదారిన వస్తుంది. ఆయనకు కోపం తెప్పించేదేదైనా ఉందా?"

మిగ్దాలియా పొయ్యి దగ్గర నిలబడిపోయింది. గుడ్డ కప్పిన కుక్కరు బుస్సుమంటోంది. ఉంది. ఎందుకు లేదు? ఊరంతా కలిసి ముప్ఫై ఏళ్ళు తెప్పించారు. ఇప్పుడు ఊరంతా కలిసి దయతో ఆపేశారు. ఆయనకు రెండు పళ్ళేల ఆకలి ఎక్కణ్ణుంచి వచ్చేదో ఆవిడకు అప్పుడు అర్థమైంది. తన మీద తనకే కోపం వచ్చింది.

ఆ సాయంత్రమే రుపెర్తో ఇంటికి వెళ్ళింది. అతను ఊగుడు కుర్చీలో కూర్చుని రేడియో వింటున్నాడు.

"అన్నయ్యా, రేపు మా ఆయన్ని తిట్టు."

"ఏమిటీ?"

"మునుపటిలాగా. గిన్నె అను, ఆ మాట అను, మీ అవ్వ సంగతి ఎత్తు. ఏదో ఒకటి. పుణ్యముంటుంది."

రుపెర్తో చెంపలు వేసుకున్నాడు. "పక్షవాతం వచ్చిన మనిషినా? నేనా? కళ్ళు పోతాయి చెల్లెమ్మా! నేను అతని పిల్లకు జ్ఞానతండ్రిని."

"తిట్టకపోతే ఆయనే పోతాడు. అప్పుడు నీ టోపీ తీసి ఏడుద్దువుగాని."

ఆ దెబ్బకు రుపెర్తో ఒప్పుకున్నాడు. మర్నాడు మంటమూలలో లేచి నిలబడి, గొంతు సవరించుకుని, "బావా, నీ బ్యాటు... అంటే కొంచెం... సత్తుదే కదా, ఒక రకంగా..." అన్నాడు. అని, వెనాన్సియో వంకర తిరిగిన పెదవి చూసి భోరుమన్నాడు. అతన్ని చూసి ఇంకో ఇద్దరు ముక్కులు చీదారు. వెనాన్సియో కళ్ళు మూసుకున్నాడు.

మిగ్దాలియా కుర్చీ తోసుకుంటూ ఇంటికొచ్చింది. దారంతా పళ్ళు పటపట కొరికింది. "మగాళ్ళట, మగాళ్ళు! ముప్ఫై ఏళ్ళు నన్ను క్యూలో నిలబెట్టి పొడిచినప్పుడు ఈ కన్నీళ్ళు ఎక్కడికి పోయాయో!" అంది పైకే. దారిన పోయే సైకిల్ రిక్షావాడు తనను కాదు కదా అని తిరిగి చూశాడు. ఇంటికి చేరేలోపల నిర్ణయం అయిపోయింది. తనే అంటుంది. ఆవిడ ఒకటి అనుకుంటే బంతి మొత్తం విప్పి అయినా మళ్ళీ కుడుతుంది.

మర్నాడు శనివారం. మంటమూల నిండుగా ఉంది. కుర్చీ రాగానే మామూలుగానే గొంతులు పడిపోయాయి. మిగ్దాలియా కుర్చీని సరిగ్గా బెంచీకి ఎదురుగా పెట్టి బ్రేకు వేసింది. చెప్పులు విడిచింది. మోకాలి మీద చెయ్యి ఆన్చి, "అమ్మా" అని మూలిగి, బెంచీ ఎక్కి నిలబడింది.

మంటమూలలో కట్టుబాటు ఒకటుంది. బెంచీ ఎక్కినవాడిదే మాట. అతన్ని వాదించి దింపాలే తప్ప చెయ్యి పట్టి లాగకూడదు. ఆడవాళ్ళు ఎక్కకూడదని ఎవరూ అనలేదు గానీ అంతవరకూ ఎక్కిన ఆడమనిషి లేదు. 

"చెల్లెమ్మా, పడతావ్, దిగు" అన్నాడు రుపెర్తో.

"బెంచీ ఎక్కినవాళ్ళదే మాటా, కాదా?"

"అది... మాటే అనుకో..."

"అయితే నోరు మూసుకుని విను. నేను కర్ర పక్షం."

ఎవరి చేతిలోనో కాఫీ గ్లాసు ఒలికింది. వెనాన్సియో తల ఎత్తాడు.

"దామసో ఫ్లెయితెస్ మొనగాడు. అతనికి సాటి ఈ ఊళ్ళో పుట్టలేదు. ఇదిగో ఈ కూర్చున్న మనిషి కొట్టినవన్నీ..." మిగ్దాలియా ఆగింది. ఇక అనాల్సింది ఆ మాటే. ఎన్నేళ్ళ అసహ్యం అది! ఆ మాట కోసం వంటిల్లు ఖాళీ చేసుకున్న మనిషి! మొగుడి కళ్ళల్లోకి చూసింది. చూస్తూనే కక్కేసింది. "అన్నీ సత్తు హోమ్‌రన్లు!"



"తప్పు మిగ్దాలియా! అలా అనకూడదు" అన్నాడు వెనకనుంచి ఒకడు.

"ఎందుకనకూడదు? సత్తు బ్యాటుకు బంతి ఎక్కడ తగిలినా పోతుంది, పిడి దగ్గర తగిలినా పోతుంది. కర్ర అయితే చేతులు జిల్లుమనేవి, బ్యాటు రెండు ముక్కలయ్యేది. ఆ బ్యాటు రుపెర్తో వాళ్ళ అవ్వకిచ్చినా కంచె దాటిస్తుంది. టంగ్!"

ఒక్కొక్కటే వదులుతోంది. ఏదీ ఆలోచించుకోనక్కర్లేదు. ఇన్నేళ్ళలో తగిలిన ప్రతి ముల్లూ ఎక్కడ తగిలిందో ఆవిడకు గుర్తే. బియ్యం క్యూలో ఒకటి, బస్‌స్టాపులో ఒకటి, పిల్ల పుట్టినరోజు పండగలో ఒకటి. అన్నీ పీకి మొగుడి మీదికి విసురుతోంది. విసిరిన ప్రతిదీ ముందు తనకే గుచ్చుకుంటోంది. అయినా ఆపలేదు.

ముందుగా సత్తు పక్షం వాళ్ళకు ఒళ్ళు మండింది. మండదూ మరి? "పిచ్చర్ల సంగతేమిటి?" అని ఒకడు అరిచాడు. "దామసో కాలంలో పిచ్చర్లు పొలం పని చేసి వచ్చి బంతి విసిరేవాళ్ళు! వెనాన్సియోకు విసిరినవాళ్ళు ఏడాదంతా అదే పని మీద ఉన్నవాళ్ళు! ఆ బంతులు దామసోకు కనబడేవా?"

"కనబడేవి! దామసో కళ్ళు గద్ద కళ్ళు!" అన్నాడు ఒక కర్ర పక్షం ముసలాయన, తనను తాను ఆపుకోలేక.

"గద్ద కళ్ళా? చివరేడాది బంతిని ఈగ అనుకుని తోలాడు!"

"ఒరేయ్! చచ్చిపోయిన మనిషి గురించి మర్యాదగా మాట్లాడు!"

"మర్యాదట! ముందు అతని కాలంలో కంచె ఎక్కడుందో చెప్పు! ఇప్పుడున్న చోటికి పదడుగులు ఇవతల!"

"కుట్టు సంగతి నన్నడగండి!" అంది మిగ్దాలియా పైనుంచి. "వెనాన్సియో కాలం బంతి నా చేతి బంతి. బిగువుగా ఉండేది కాబట్టి అంత దూరం పోయింది. సగం నా గొప్ప, సగం సత్తు గొప్ప. ఆయనదేముంది?"

ఇక అక్కడ గౌరవం, జాలి, టోపీలు ఏమీ మిగల్లేదు. అందరూ ఒకేసారి అరుస్తున్నారు. ఫార్మసీ అమ్మాయి బయటికొచ్చి చూసింది. మిగ్దాలియా మాత్రం ఒక్క మనిషినే చూస్తోంది. వెనాన్సియో మెడ నరాలు ఉబ్బాయి. ఎడమకాలు కుర్చీ మెట్టు మీద తడతడ కొట్టుకుంటోంది. ఎడమచెయ్యి కుర్చీ అంచును పిండేస్తోంది. నోరు మాత్రం తెరుచుకోలేదు. ముళ్ళన్నీ అయిపోయాయి. ఇక చేతిలో ఒక్కటే మిగిలింది. అది ఎవరూ ఎప్పుడూ అనని మాట, ఎందుకంటే అది నిజం కాదు.

"అన్నిటికంటే సిగ్గుచేటు చెప్పమంటారా?" అంది. గొంతులు కాస్త తగ్గాయి. "ఈ మనిషి పుట్టి బుద్ధెరిగాక కర్రతో ఒక్కటంటే ఒక్క హోమ్‌రన్ కొట్టలేదు. ఒక్కటి!"

మంటమూల మొత్తం నోరు తెరిచింది. సియెగో ఊళ్ళో ఆడిన ఆట ఎవరికి తెలియదు! జట్టు సామాన్ల లారీ దారిలో చెడిపోతే, సియెగో స్టేడియం కాపలాదారు అటక మీద నుంచి బూజు పట్టిన కర్ర బ్యాటు తెచ్చి ఇచ్చాడు. దాంతో వెనాన్సియో కొట్టిన బంతి దీపాల స్తంభం పక్కనుంచి పోయి వీధిలో పడింది. ఆ కథ వెనాన్సియో అక్కడ వందసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ స్తంభం ఇంకొంచెం పొడుగయ్యేది. ఎవరైనా వాదనలో అతన్ని గోడకు నొక్కితే అదే తీసేవాడు. ఆ కథ మళ్ళీ మొదలెడతాడని భయపడి వాదన ఒప్పేసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

రుపెర్తో చెయ్యి లేచింది. "అదేమిటి చెల్లెమ్మా, సియె..."

మిగ్దాలియా అతని వంక ఒక్క చూపు చూసింది. ఆ చూపుకు రుపెర్తో చెయ్యి గాలిలోనే ఆగింది. కర్ర పక్షం పెద్ద, ఎంత సైరను అయినా, బుద్ధిలేనివాడు కాదు. మెల్లిగా చెయ్యి దించి, పక్కవాడు నోరు తెరవబోతుంటే వాడి కాలు తొక్కాడు. అందరికీ అర్థమైంది. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆ అబద్ధం అలా నిలబడిపోయింది, దాన్ని కొట్టే దిక్కు లేకుండా. అందరూ కుర్చీ వైపు తిరిగారు.

వెనాన్సియో ముఖం కందగడ్డలా అయింది. పెదవులు ఒకసారి కలిశాయి, విడిపోయాయి. గొంతులోంచి గురక లాంటిది వచ్చింది.

"ఒక్కటి కూడా కొట్టలేదు" అంది మిగ్దాలియా మళ్ళీ. కళ్ళనిండా నీళ్ళు. గొంతు మాత్రం తొణకలేదు. "కొట్టి ఉంటే చెప్పమను."

"అ..." అన్నాడు వెనాన్సియో. "అ... బ..."



"అబద్ధం!"

మాట ముద్దగా, వంకరగా వచ్చింది. అయినా మాటే. అదేమిటో అతనికే నమ్మకం కుదరనట్టు ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ఎడమ పిడికిలితో కుర్చీని గుద్దాడు. "అబద్ధం! స్... సియెగో! కర్ర! కర్ర!"

రుపెర్తో చెంపల మీద నీళ్ళు ధారలు కడుతున్నాయి. అయినా ఈసారి భోరుమనలేదు. రొమ్ము విరుచుకుని, మిల్లు మూతపడ్డాక ఎప్పుడూ వినని గొంతుతో కేక పెట్టాడు.

"సియెగోలో ఆ రోజు గాలి బయటికి కొట్టింది బావా! ఆ హోమ్‌రన్ గాలి కొట్టింది, నువ్వు కాదు!"

"గాలి లే... లేదు!"

"తుపాను గాలి! స్తంభం ఊగిపోయింది!"

"నీ..." వెనాన్సియో ముందుకు వంగాడు. "నీ... యమ్మ..."

మిగతాది చిక్కుకుపోయింది. దవడ అటూ ఇటూ పోతోంది, మెడ ఊగుతోంది. కర్ర పక్షం, సత్తు పక్షం కలిసి ఊపిరి బిగబట్టి ఆ బూతు పూర్తి కావడం కోసం చూస్తున్నాయి. "రా బావా, రా, అనేయ్" అంటున్నాడు రుపెర్తో, చేతులు చాచి, పసిపిల్లవాణ్ణి మొదటి అడుగు వెయ్యమన్నట్టు. ఫార్మసీ అమ్మాయి మెట్ల మీద నిలబడి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

బెంచీ మీద మిగ్దాలియా దిగబోయి దిగలేక ఉన్నచోటనే కూలబడి, గౌను అంచు ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. చెయ్యి పట్టి దించడానికి ఎవరూ రాలేదు. ఆవిడ ఏడుస్తోందని కూడా ఎవరూ చూడలేదు. అందరూ వెనాన్సియో నోటి వంకే చూస్తున్నారు.